సేవచేయువారి దేహమును దేవాలయమే



పాల్కురికి సోమనాథుడు బసవపురాణమునందు చెప్పిన బెజ్జమహాదేవి కథ మీలో చాలమందికి తెలిసినదే. ఎల్లవారికిని తల్లి యున్నది, శివునకు మాత్రము లేదు గదా యని ఆమె తల్లడిల్లినది. ఆ కొరత తానే తీర్పనెంచి శివుని పసిబిడ్డగా భావించి, నీళ్లు పోసి, పాలుపట్టి పెంచినది. ఆమె ప్రేమ యెంతటిదో చూడదలచి శివుడొకనాడు గొంతులో జబ్బు వచ్చినట్లు నటించి పాలు మానివేసెను. ఆ తల్లి బిడ్డవంక చూచి చూచి, ఏడ్చి యేడ్చి, తుదకు తన ప్రాణమునే విడువ సిద్ధపడినది. అంతట శివుడు ప్రత్యక్షమై ఆమెను కాచెను. నాటినుండి ఆమె భక్తులకు అమ్మవ్వ యయ్యెను.

ఈ కథ చెప్పునప్పుడు మనము భక్తివద్ద ఆగిపోవుదుము. అందు దోషము లేదు. కాని నేడు కథలోని మరియొక సంగతివైపు మీ దృష్టి మరల్చదలచితిని. జబ్బు వచ్చినది బిడ్డకు. ప్రాణముమీదికి వచ్చినది తల్లికి. బిడ్డ జబ్బు నటన. తల్లి వేదన మాత్రము నిజము. మంచముపై నున్నవారి జబ్బు మంచము ప్రక్కన కూర్చున్నవారి దేహములోనికి ఏ దారిన ప్రవేశించునన్న ప్రశ్నను గడచిన నాలుగు దశాబ్దములుగా వైద్యశాస్త్రము పరిశోధించుచున్నది. ఆ పరిశోధన ఫలితములు మన గృహములకు, మఠములకు ఇంకను చేరలేదు.

వైరా పరిసరములనే తీసికొందము. నిజాము కాలమున కట్టిన రిజర్వాయరు క్రింద వరి, మెరక భూములలో మిరప, పత్తి. మిరపకోతల కాలమున పని చేయగల చేయి ఒక్కటియు ఇంట ఖాళీగా నుండదు. చదువుకొన్న కుమారులు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉందురు. ఇంట మిగులువారు వృద్ధదంపతులు, లేదా వారితోబాటు ఒక కోడలు. మామగారికి పక్షవాతము వచ్చి ఒక ప్రక్క పడిపోయినదనుకొనుడు. రెండుగంటల కొకసారి ప్రక్కకు త్రిప్పవలెను. లేనియెడల వీపున పుండ్లు పడును. బరువైన మనిషిని లేపి కూర్చుండబెట్టవలెను. రాత్రి ఎన్నిమారులు లేచితినో లెక్కయే లేదని ఆమె చెప్పును. లేక అత్తగారికి మతిమరుపు వ్యాధి వచ్చి, అర్ధరాత్రి తలుపుతీసి పుట్టింటికి పోయెదనని బయలుదేరుచున్నదనుకొనుడు. అట్టి యింట కోడలికి నిద్రయన్నది చెవి ఒకటి తెరచియుంచి కనులు మూసికొనుటయే.

ఇక భద్రాచలము అడవులవైపు పోయినకొలది మరియొక తీరు కనబడును. కోయ కుటుంబములలో సికిల్ సెల్ అను రక్తవ్యాధితో పుట్టిన బిడ్డలు కలరు. ఉన్నట్టుండి ఎముకలలో భరింపరాని నొప్పి లేచును. ఆ నొప్పి ఎప్పుడు లేచునో తెలియదు గనుక ఆ తల్లి పత్తి ఏరబోయినను మనస్సు ఇంటిమీదనే. తలసీమియా బిడ్డలకు రెండు మూడు వారముల కొకసారి రక్తమెక్కింపవలెను. తల్లి బస్సెక్కి పట్టణము చేరవలెను. ఇది ఒక నెల పని కాదు, ఒక జీవితకాలపు పని.

ఇట్టి ఇండ్లు కొద్దియే యనుకొనకుడు. మన దేశమున అరువదియేండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి డిమెన్షియా యున్నదని 2023లో ప్రకటింపబడిన అధ్యయనము అంచనా వేసినది. అనగా సుమారు 88 లక్షలమంది. వారిలో ఒక్కొక్కరి వెనుక కనబడని వ్యక్తి ఒకరుందురు. ఆ వ్యక్తి ఎవరో కూడ లెక్క కలదు. 2024లో కేంద్రప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వేలో, పదునైదు మొదలు ఏబదితొమ్మిదేండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 41 మంది ఇంటివారి సంరక్షణలో పాల్గొనుచుండగా పురుషులలో అట్టివారు సుమారు 21 మంది. ఆ పనికి స్త్రీలు దినమునకు 140 నిమిషములు, పురుషులు 74 నిమిషములు వెచ్చించుచున్నారు. ఇందు పిల్లల పెంపకమును చేరియున్నదనుట నిజమే. ఐనను త్రాసు ఎటు మొగ్గినదో తెలియుటకు ఇది చాలును.

దేహమున జరుగునదేమి? కాలిలో ముల్లు గ్రుచ్చుకొన్నచోట ఎఱ్ఱబడును, వేడెక్కును, వాచును, నొప్పిపెట్టును. ఈ నాలుగు లక్షణములను ప్రథమ శతాబ్దమునందే సెల్ససను రోమను రచయిత పేర్కొనెను. మన వైద్యులు దీనిని శోథమనిరి. ఇది శత్రువు కాదు. దేహము తన్ను తాను కాచుకొను యుద్ధము. ముల్లు తీయగానే యుద్ధము ముగిసి సైన్యము వెనుదిరుగును. కాని ముల్లు లేకయే, పైకి వాపు ఎరుపు ఏమియు కనబడకయే, నెత్తురులో సన్నని సెగవలె సంవత్సరముల తరబడి రగులు శోథమొకటి కలదు. గుండెనాళముల వ్యాధికి, మధుమేహమునకు, కీళ్ల క్షీణతకు, మనోవ్యాకులతకు ఆ సెగతో సంబంధమున్నదని వైద్యులు చెప్పుచున్నారు. ఇంటర్‌ల్యూకిన్-6 అను దూతపదార్థము, కాలేయమున తయారగు సి-రియాక్టివ్ ప్రొటీను అనునవి ఆ సెగను కొలుచుటకు గుర్తులు.

చింతకును సెగకును లంకె యెట్లు కుదురును? భయమో శ్రమయో కలిగినప్పుడు మెదడు ఆజ్ఞ పంపగా మూత్రపిండములపై నున్న అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అను హార్మోనును విడుచును. సాధారణముగా ఈ కార్టిసాల్ శోథమును అణచును, తెల్లకణములతో ‘ఇక చాలు’ నని చెప్పును. రేయింబవళ్లు నెలల తరబడి ఈ ఆజ్ఞయే వెడలుచుండిన నేమగును? వెనుకటికి ఊరి తలారి ప్రతిరాత్రియు కేకలు వేయుచుండగా కొన్నాళ్లకు ఊరివారికి ఆ కేక నిద్రలో వినబడుటయే మానెడిది. కణములును అట్లే చెవుడు తెచ్చుకొనును. 2002లో అమెరికాయందు క్యాన్సరు చికిత్స పొందుచున్న పిల్లల తల్లిదండ్రులను పరీక్షింపగా ఇదే తేలినది. వారి రక్తకణములపై కార్టిసాల్ వంటి మందును ప్రయోగించినను ఇంటర్‌ల్యూకిన్-6 ఉత్పత్తి ఇతరుల యందు తగ్గినంతగా తగ్గలేదు. దీనికితోడు నిద్రలేమి, వేళతప్పిన భోజనము, తన మందులు తాను మరచుట. ఇవన్నియు ఆ సెగకు ఎండుపుల్లలే.

ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున జానిస్ కీకోల్ట్-గ్లేసర్ అను మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు చేసిన పరిశోధనలలో రెండింటిని చెప్పెదను. 1995లో మతిమరుపు రోగులకు సేవచేయు పదుమువ్వురు స్త్రీలను, అట్టి భారము లేని పదుమువ్వురు స్త్రీలను తీసికొని, ముంజేతిపై మూడున్నర మిల్లీమీటర్ల చిన్న గాయము చేసి, అది మానుటకు పట్టు దినములను లెక్కించిరి. భారము లేనివారికి సగటున 39 దినములు, సేవచేయువారికి సుమారు 49 దినములు పట్టినది. ఒక చిన్న గాయమునకు తొమ్మిది దినముల ఆలస్యము! ఇంటిలో కత్తిపీట తెగిన వ్రేలు ఎంతకును మానుటలేదని మీ యింటి ఇల్లాలు చెప్పినప్పుడు ‘అంతా పిచ్చి’ యని కొట్టివేయకుడు. 2003లో ప్రకటించిన రెండవదానిలో, మతిమరుపు వచ్చిన భర్తనో భార్యనో చూచుకొను 119 మందిని, అట్టి బాధ్యత లేని 106 మందిని ఆరేండ్లపాటు పరిశీలించిరి. వయస్సుతోబాటు అందరికిని ఇంటర్‌ల్యూకిన్-6 పెరుగును. సేవచేయువారిలో ఆ పెరుగుదల వేగము సుమారు నాలుగురెట్లు. నాకు మిక్కిలి గుర్తుండిపోయిన సంగతి మరియొకటి కలదు. రోగి మరణించి సేవ ముగిసిన పిమ్మట కొన్నేండ్ల వరకును ఆ వేగము తగ్గలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టము చేయవలెను. ఏలయన అతిశయోక్తి పురాణమునకు అలంకారము కావచ్చును గాని వైద్యమునకు కాదు. సేవ చేసినవారందరును రోగగ్రస్తులగుదురని శాస్త్రము చెప్పుటలేదు. 2020లో డేవిడ్ రాత్ అను పరిశోధకుని బృందము, సేవలో ప్రవేశించుటకు ముందును తరువాతను తీసిన రక్తమును పోల్చి, సుమారు 480 మందిని పరిశీలింపగా, ఆరు సూచికలలో ఒక్కదానియందు మాత్రమే కొద్దిపాటి తేడా కనబడినది. అదే పరిశోధకుడు 2013లో మూడువేల అయిదువందలకు పైబడిన సేవకులను గమనించి, వారిలో మరణములు ఇతరులకంటె 18 శాతము తక్కువని తేల్చెను! మరి 1999లో వచ్చిన వేరొక అధ్యయనమున, భర్తకో భార్యకో సేవచేయుచు భారముతో నలిగిపోవుచున్న వృద్ధులలో నాలుగేండ్లలో మరణముల ముప్పు 63 శాతము ఎక్కువగా నుండెను. సేవచేయుచును భారమనిపింపని వారిలో అట్టి తేడా స్పష్టముగా కనబడలేదు. వీటిని ఒకచోట పెట్టి చూచిన నాకు తోచునది ఇది: విషము సేవలో లేదు. తోడులేని సేవలో, నిద్రలేని సేవలో, మెప్పు లేక నింద మాత్రమే దొరకు సేవలో ఉన్నది.

ఇచ్చట మన ధర్మము మాట్లాడవలసియున్నది. బసవేశ్వరుడు కాయకమును దాసోహమును విడదీయలేదు. కాయకము ప్రతివారికిని విధి, దాసోహము పంచుకొనుట. మన ఇండ్లలో జరుగుచున్నదేమి? కాయకము ఒక్కరిది, కీర్తి వంశమంతటిది. నలుగురు కుమారులున్న తండ్రికి చాకిరి చేయునది ఒక్క కోడలు. ఆడపడుచు పండుగకు వచ్చి అరగంట కూర్చుండి, ‘మా నాన్నను సరిగా చూడడంలేదు’ అని వీధిలో చెప్పి బస్సెక్కును. తోడికోడలు హైదరాబాదునుండి ఫోను చేసి ఏ మందు వేయవలెనో ఆజ్ఞాపించును. మరిది నెలకు కొంత సొమ్ము పంపి తన ఋణము తీరినదనుకొనును. సొమ్ము అవసరమే, కాదనను. కాని అర్ధరాత్రి రెండుగంటలకు మామగారిని ప్రక్కకు త్రిప్పుటకు సొమ్మునకు చేతులు లేవు. ఇంత చేసిన ఆమెను సభలో నిలిపి ‘మహాసాధ్వి’ యని శాలువ కప్పుదుము. శాలువ కప్పిన మరునాడు ఆమె స్థానమున మంచముకడ కూర్చుండువారెవరో చెప్పము. పొగడ్తతో మనిషిని కట్టివేయుట కూడ ఒక విధమైన బంధమే. ఈ పద్ధతిని మఠములును ప్రోత్సహించినవనుటకు నేను సంకోచింపను.

దేహమే దేవళమన్న బసవన్న భావనను మనము గోడలపై వ్రాసికొందుము. ఆ దేవళము రోగిది మాత్రమేనా? ఇష్టలింగము పురుషునకెట్లో స్త్రీకిని అట్లే. అత్తకెట్లో కోడలికిని అట్లే. లింగము నిలిచిన ఆమె అంగమును నడుమునొప్పితో, రక్తపోటుతో, నిద్రలేమితో కూలనిచ్చుట ఏ సేవ క్రిందికి వచ్చును?

ఒక ప్రశ్నకు ఇచ్చట సమాధానము చెప్పవలెను. మంచమునబడినవారి మలమూత్రములు ఎత్తిన చేతులతో లింగమును ముట్టవచ్చునా యని సంశయించి, పూజయే మానివేసిన తల్లులు కలరు. అమ్మా! లింగధారికి పంచసూతకములు లేవని మన పెద్దలు నిర్ణయించిరి గదా. జననము, మరణము, రజస్సు, ఉచ్ఛిష్టము, జాతి, వీనివలన అంటు లేదని చెప్పిన ధర్మము, మామగారి పక్క మార్చిన చేతిని అంటరానిదనునా? సబ్బుతో చేతులు కడుగుకొని కూర్చుండుడు. స్నానమునకు వేళ లేకున్నను కూర్చుండుడు.

ఆ కొద్దిసేపు వ్యర్థము కాదనుటకు ఒక ఆధారము కూడ కలదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజిలిస్ శాఖలో హెలెన్ లావ్రెట్‌స్కీ బృందము, మతిమరుపు రోగులకు సేవచేయు 45 మందిలో కొందరిచే దినమునకు పండ్రెండు నిమిషములు, ఎనిమిది వారములు, కొలది అక్షరములను జపించు ధ్యానమును చేయించినది. మిగిలినవారు శాంతముగా సంగీతము వినిరి. జపము చేసినవారి రక్తకణములలో శోథమును రేపు జన్యువుల చురుకు తగ్గినట్లు 2013లో ప్రకటించిరి. చిన్న పరిశోధన, అది మన లింగార్చనను గూర్చినదియు కాదు. దానిని పట్టుకొని మన పూజ సర్వరోగ నివారిణి యని ప్రచారము చేయుట నాకు ఇష్టము లేదు. పండ్రెండు నిమిషములు ఆ తల్లిని ఎవరును పిలువకుండ చూచు బాధ్యత ఇంటివారిదని మాత్రమే నేను చెప్పునది.

కోపమును గూర్చియు ఒక మాట. అయిదేండ్లుగా చాకిరి చేయుచున్నవారికి ఒక్కొక్కనాడు రోగిపై విసుగు పుట్టును. ‘ఈయన పోయిన బాగుండు’ నన్న తలపు మెరుపువలె వచ్చిపోవును. వెంటనే పాపభీతితో క్రుంగిపోవుదురు. ఆ తలపు పాపము కాదు, అలసట వేసిన కేక. దానిని విని మందలించువారికంటె, విని ఒకపూట మంచముకడ కూర్చుండువారు వారికి అవసరము.

మన దేశముననే జరిగిన ఒక మేలి ప్రయత్నమును వినుడు. గోవాలో రెండు తాలూకాలయందు మతిమరుపు రోగులున్న 81 కుటుంబములతో ఒక పరిశోధన జరిగి 2008లో ప్రచురింపబడినది. వైద్యులు కాని సామాన్యులకు కొద్దిపాటి శిక్షణ నిచ్చి, గృహసలహాదారులను పేరిట ఆరు నెలలపాటు ఇండ్లకు పంపిరి. వారు చేసినది పెద్ద చికిత్స యేమియు కాదు. వ్యాధి ఎట్లు ముదురునో చెప్పిరి. రోగి మొండితనమునకు ఎట్లు స్పందింపవలెనో నేర్పిరి. ఇతర బంధువులు పని పంచుకొనునట్లు మాట్లాడిరి. ఇంటివారి గోడు వినిరి. సేవచేయువారి మానసికారోగ్యము చెప్పుకోదగినంత మెరుగుపడినది. రక్తమును ఆ పరిశోధనలో కొలువలేదు గాని, సెగకు మూలమైన కలత తగ్గుట అల్పవిషయము కాదు.

ఇది చదివినప్పుడు నాకు మన జంగమ సంప్రదాయమే గుర్తునకు వచ్చినది. జంగమమనగా కదలునది. ఇంటింటికి తిరిగి, గడప దాటి, కష్టసుఖములు విచారించుట జంగమదేవరల పని. భిక్షకు మాత్రమే తిరుగుట తరువాత వచ్చిన తిరుగుడు. మన మఠములు ఊరికి ఇద్దరికో ముగ్గురికో ఇట్టి శిక్షణ ఇప్పించలేవా? కేరళలో 1993లో కోళికోడు వైద్యకళాశాలయందు ఆరంభమైన ఉపశమన సేవ, కొన్నేండ్లకు ఇరుగుపొరుగుల ఉద్యమమై, విద్యార్థులు, కూలీలు, దుకాణదారులు వారమునకు కొన్ని గంటలు రోగుల ఇండ్లకు పోవు స్థితికి చేరినది. 2008లో ఆ ప్రభుత్వము దానిని విధానముగా స్వీకరించినది. తెలంగాణములోను ‘ఆలన’ పేరిట మంచమునబడిన రోగుల ఇంటికే నర్సులు వచ్చు ఏర్పాటు ప్రభుత్వము చేసినది. ఊరి ఆశా కార్యకర్తనో, జిల్లా ఆసుపత్రిలోనో అడిగి తెలిసికొనుడు. అడుగుటకు సిగ్గుపడకుడు. ఇంటిగుట్టు బయటపడునను భయముతో తలుపులు మూసికొన్న ఇండ్లలోనే సేవచేయువారు ముందుగా కూలుచున్నారు.

ఇంటిలో చేయదగినవి కొన్ని, పెద్దగా ఖర్చులేనివి, చెప్పెదను. కుటుంబమంతయు ఒకనాడు కూర్చుండి వారములోని ఏడు రాత్రులకు పేర్లు వ్రాసికొనుడు. దూరముననున్న కుమారుడు ఏడాదికి ఒక పక్షమైన వచ్చి మంచము ప్రక్కన పడుకొనవలెను. ఆ పక్షము కోడలు తన పుట్టింటికి పోయి నిదురింపవలెను. పురుషులు ‘మాకు చేతకాదు’ అనకుడు. పసువుకు జబ్బు చేసిన రాత్రియంతయు కొట్టములో మేలుకొనియుండు చేతులే అవి. రోగిని ఆసుపత్రికి తీసికొనిపోయినప్పుడు, ప్రక్కన నిలిచినవారి రక్తపోటు, చక్కెర కూడ చూడుమని వైద్యుని అడుగుడు. తన జబ్బునకు మందు తెచ్చుకొనుట స్వార్థమని తలచు తల్లులున్నారు గనుక, ఆమె అడుగదు. వెంట వచ్చినవారే అడుగవలెను.

చివరగా, లింగైక్యము తరువాతి సంగతి. సమాధి క్రియ ముగియును, గణారాధన జరుగును, బంధువులు ఎవరి ఊళ్లకు వారు పోవుదురు. ‘ఇక నీకు విశ్రాంతి’ యని ఆమెతో అందరును చెప్పుదురు. రాత్రి రెండుగంటలకు ఆమెకు మెలకువ వచ్చును. త్రిప్పవలసిన దేహము మంచముపై నుండదు. నెత్తురులోని సెగ కొన్నేండ్లపాటు తగ్గకపోవచ్చునని ముందే చెప్పితిని. కనుక ఆ ఇంటికి పోవుటను జంగమదేవరలు గాని, బంధువులు గాని గణారాధనతో ఆపకుడు. మొదటి రెండేండ్లు నెలకొకమారు ఎవరైన పోయి, ఆమె భోజనము చేయుచున్నదా, నిద్ర పట్టుచున్నదా, ఆరునెలల కొకసారి వైద్యునికి చూపించుకొన్నదా యని కనుగొనవలెను. మఠమునందు అందుకొరకై ఒక పుస్తకము ఉంచి, ఏ ఇంటికి ఎవరు ఏనాడు పోయిరో అందు వ్రాయవలెను.